మెరుపక్క కుడికన్ను

ఆ పరిశోధనశాలలో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలావాడి నుంచి ప్రయోగాలకి పెద్ద అయిన ప్రొఫెసరు దాకా అందరికీ ఆమె మెరుపక్కే. చేరిన కొత్తలో ఒక గాజు గొట్టంలోంచి గాలంతా తోడేసి, కాస్త వేరే వాయువు వదిలి, రెండు కొసలకీ కరెంటు పెట్టింది. గొట్టం నిండా గులాబిరంగు వెలుగు పరుచుకుంది. చూడ్డానికొచ్చిన విద్యార్థుల్లో ఎవరో "మెరుపుని సీసాలో పట్టేసిందిరా అక్క!" అన్నారు. అంతే, ఆ పేరు ఒంటికి అతుక్కుపోయింది. ఆమె కూడా కాదనలేదు. అమ్మా నాన్నా పెట్టిన పేరుకంటే ఇదే బాగుందని మొగుడి దగ్గర మురిసిపోయింది కూడా.

మెరుపులంటే ఆమెకు చిన్నప్పటి మోజు. తండ్రి వెల్డరు. రోడ్డు వారన రేకుల షెడ్డులో గేట్లకీ కిటికీ ఊచలకీ అతుకులు వేసేవాడు. బడి వదలగానే ఆమె ఆ షెడ్డుకే వచ్చి కూర్చునేది. ఆయన నల్లద్దం ముసుగు మొహం మీదికి దించుకుంటూనే అరిచేవాడు, "అటు తిరుగు! చూశావంటే కళ్ళు పోతాయ్!" ఆమె గోడ వైపు తిరిగి కూర్చునేది. తన నీడ గోడ మీద గజగజలాడుతుంటే చూస్తూ, వెనక ఏం జరుగుతోందో ఊహించుకునేది.

ఆయన అంత జాగ్రత్తపడటానికి ఇంకో కారణం ఉంది. ఆమె ఎడమకన్ను పుట్టుకతోనే మందకొడిది. దాంతో వెలుతురూ మనిషి ఆకారమూ తెలుస్తాయి గాని అక్షరం కుదరదు. కళ్ళజోడు పెట్టించారు, మంచి కంటికి గుడ్డ కట్టి చెడ్డ కంటిచేత పని చేయించారు. అది లొంగలేదు. "ఉన్నది ఒక్క కన్ను. దాన్నైనా కాపాడుకో తల్లీ" అనేవాడు తండ్రి. పెళ్ళిచూపులకొచ్చిన బస్సు డ్రైవరుకు కూడా దాచకుండా చెప్పింది. అతను కాసేపు ఆలోచించి, "ఫరవాలేదులెండి, నేను బస్సు నడిపేప్పుడు రెండు కళ్ళూ నావే వాడతాను" అన్నాడు. ఆ మాటకి నవ్వొచ్చి ఒప్పుకుంది.

సాంకేతిక విద్య పూర్తి చేసి పరిశోధనశాలలో చేరాక, తండ్రి షెడ్డులో వెనక్కి తిరిగి కూర్చుని ఊహించుకున్నదంతా ఎదురుగా కనిపించింది. వెల్డింగు మంటలో తళతళలాడేదీ, మేఘాల మధ్య మెరుపై పాకేదీ, గొట్టంలో గులాబిరంగుగా వెలిగేదీ ఒక్కటేనని అక్కడ తెలిసింది. ఏ వాయువునైనా విపరీతంగా వేడిచేసినా, కరెంటుతో కొట్టినా దాని అణువులు చితికిపోయి, విద్యుత్తు నిండిన ముక్కలై వెలుగుతాయి. దాన్ని ప్లాస్మా అంటారు. తర్వాత లేజర్లు వచ్చాయి. గాలి తోడేసిన ఉక్కు డ్రమ్ములో రాగి పలకో అల్యూమినియం పలకో బిగించి, దాని మీదికి లేజరు కాంతిని ఒక్క పోటు పొడిపిస్తారు. కాంతి తగిలినచోట లోహం కరిగేదాకా కూడా ఆగదు, నేరుగా పేలి పైకి చిమ్ముతుంది. ఆవగింజంత నక్షత్రం. రాగి అయితే ఆకుపచ్చగా, అల్యూమినియం అయితే నీలం కలిసిన తెలుపుగా. రెప్ప వేసే లోపల పుట్టి, పెరిగి, ఆరిపోతుంది. ఆ కాస్త వెలుగునీ పట్టుకుని రంగులు విడదీసి, అది ఎంత వేడిగా ఉందో, ఎలా చల్లారిందో లెక్కకట్టడం పరిశోధకుల పని. డ్రమ్ము నుంచి గాలి తోడటం, అద్దాలు తుడవటం, పలక బిగించటం, లేజరు దారిని వెంట్రుకవాసి తేడా రాకుండా సరిచేయటం మెరుపక్క పని.

ఆ లేజరు కాంతి కంటికి కనపడదు. వెల్డింగు మంటైనా నయం, చూడకురా బాబూ అని అదే చెబుతుంది. ఇది పక్కనుంచి పోయినా, మెరిసే లోహం మీద పడి కంట్లోకి మళ్ళినా తెలియదు. అందుకే ఆ గదిలో పని చేసేవాళ్ళంతా రంగుటద్దాలు పెట్టుకోవాలి. అందుకే ఇంకో కట్టుబాటు కూడా. బల్ల దగ్గర మీట నొక్కే మనిషి ముందుగా "దెబ్బ!" అని కేక వేయాలి. డ్రమ్ము దగ్గరున్న మనిషి అద్దాలు సరిచూసుకుని, వెనక్కి జరిగి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినపడ్డాకే దెబ్బ.

మీట దగ్గర ఉండేది పిచ్చుక. ఆమె పరిశోధక విద్యార్థిని. పొట్టిగా, సన్నగా, ఒకచోట నిలవకుండా గదంతా గెంతుతూ ఉంటుందని మెరుపక్కే ఆ పేరు పెట్టింది. రాగి ప్లాస్మా చల్లారే తీరు మీద ఆమె పరిశోధన. ఏళ్ళ తరబడి ఇద్దరూ అదే గదిలో గడిపారు. పిచ్చుక పొద్దున్నే రావటం రావటమే "అక్కా, ఇవాళ మన నక్షత్రం మూడ్ ఎలా ఉంది?" అని అడిగేది. "నీకంటే నయం, టైముకి వచ్చింది" అనేది మెరుపక్క.

ఆ రోజు పొద్దున గదిని చల్లబరిచే యంత్రం మొరాయించింది. గాలి తోడే పంపుల వేడికి గది ఉడికిపోతోంది. కొత్త రాగి పలక బిగించారు. మెరుగు పెట్టిన పలక, అందులో మొహం చూసుకోవచ్చు. లేజరు శక్తి బాగా తగ్గించి, డ్రమ్ము తలుపు తీసి ఉంచి, కాంతి సరిగ్గా పలక నడుమ పడుతోందో లేదో, అక్కడ పడే చిన్న మచ్చనిబట్టి చూసుకుంటున్నారు. చెమటకి అద్దాల లోపల ఆవిరి పట్టింది. తుడుచుకుంటే మళ్ళీ పట్టింది. పలక అంచున ఒక మర వదులైనట్టు అనిపించి, మెరుపక్క అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మొహం దగ్గరగా పెట్టి, మరను చిన్న స్పానరుతో బిగిస్తోంది. మనసంతా ఆ మర మీదే ఉంది.

"దెబ్బ!" అంది వెనకనుంచి పిచ్చుక.

"ఊఁ" అంది మెరుపక్క.

ఎందుకంది? ఆ తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా ఆమె దగ్గర జవాబు లేదు. నిద్రలో ఉన్నవాళ్ళని పలకరిస్తే పలికినట్టు పలికింది. ఏళ్ళుగా ఆ కేకకి ఆ జవాబు చెప్పి చెప్పి, నోరు తనంతట తానే చెప్పేసింది.

తలలో 'టప్' మని చిన్న చప్పుడైంది. చెవికి కాదు, లోపల. ఆ వెంటనే తెల్లటి మెరుపు. నొప్పి లేదు. చెయ్యి మర మీదే ఉంది. రెప్పలు ఆడించి చూస్తే, పలక ఉండవలసిన చోట ఎర్రటి మరక ఒకటి తేలుతోంది. మర వైపు చూసింది. మరక మర మీదికొచ్చింది. తన చేతి వైపు చూసింది. చెయ్యి మాయమై మరక కనిపించింది.

"అక్కా? సరిగ్గా పడిందా?" అడిగింది పిచ్చుక.

"పడింది" అంది మెరుపక్క. నేల మీద కూర్చుండిపోయింది.

*

కంటి ఆసుపత్రికి మొగుడు డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదస్తురాలు. కంటి లోపల తీసిన ఫోటో తెర మీద చూపించింది. నారింజరంగు గుండ్రటి బిళ్ళలా ఉంది. సరిగ్గా నడుమ ఒక పాలిపోయిన చుక్క, దాని చుట్టూ రక్తం.

"చూపంతటికీ నడిబొడ్డు ఇదేనండీ. మనం దేన్నైనా నేరుగా చూసినప్పుడు పనిచేసేది ఇదే. అక్కడే కాలింది."

"మందు రాయండి డాక్టర్. ఎక్కడ దొరికినా తెస్తాను" అన్నాడు మొగుడు.

"రక్తం దానంతటదే కరిగిపోతుంది. వాపుకి మాత్రలిస్తాను. కాలిన చోటు మాత్రం మళ్ళీ మొలవదు."

"ఆపరేషన్?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. రోడ్డు మీద ఎంత ఇరుకులోనైనా బస్సుని వెనక్కో ముందుకో తిప్పి బయటపడేసే మనిషి. ఇక్కడ తిప్పడానికేమీ లేదు.

"మరి ఎడమకన్ను?" అడిగింది మెరుపక్క, జవాబు తెలిసీ.

"అది ఇంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంటుందండీ. మీరు నడవగలరు, ఇంటిపని చేసుకోగలరు. చదవటం, మొహాలు గుర్తుపట్టటం కష్టం. చూడదలుచుకున్నదాన్ని నేరుగా చూడకుండా కాస్త పక్కకి చూడటం అలవాటు చేసుకోండి. అంచుల్లో చూపు బాగానే ఉంది."

ఆసుపత్రి మెట్ల మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. లోపలికి రానని మొండికేశాడట. కూతురు దగ్గరికి రాగానే లేచి, ఆమె మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కుడికంట్లోకి తేరిపార చూశాడు. పైకి ఏమీ తెలియటం లేదు. కన్ను కన్నులాగే ఉంది.

"ఎంత పెద్ద మంటే వచ్చింది?" అడిగాడు.

"మంట లేదు నాన్నా. కనపడనే కనపడదు అది."

"కనపడనిదాని నుంచి నిన్నెటు తిప్పనే?" అన్నాడు ఆయన. ఆ ప్రశ్న ఆమెని కాదు, ఎవరినో అడిగినట్టు అడిగాడు.

*

ఎర్రమరక మెల్లగా బూడిదరంగుకి తిరిగి, చివరికి అక్కడే స్థిరపడిపోయింది. మెరుపక్క ఇంట్లో గోడలు చూడగలిగేది, కిటికీ చూడగలిగేది. నేల మీద పడిన బొత్తాం కంటి అంచున కనిపించేది. వంగి తీసుకోబోతే మాయమయ్యేది. దేన్ని కావాలనుకుంటే అదే పోయేది. అక్కర్లేనివన్నీ చుట్టూ శుభ్రంగా నిలబడి ఉండేవి.

అన్నిటికంటే కూతురి మొహం. బడికి పోయే పిల్ల, ఇంట్లో బుడ్డిది అని పిలుస్తారు. దాన్ని ఎదురుగా నిలబెట్టి చూస్తే జుట్టు కనిపించేది, భుజాలు కనిపించేవి, నడుమ పొగ. డాక్టరు చెప్పినట్టు దాని చెవి వైపు చూస్తే అప్పుడు ముక్కూ నోరూ మసకగా తేలేవి.

"అమ్మా, నా వైపు చూడు."

"చూస్తూనే ఉన్నానే."

"కాదు, నా వెనకాల ఎవరినో చూస్తున్నావ్."

పిల్లకి అర్థం కావటానికి కొన్నాళ్ళు పట్టింది. అర్థమయ్యాక దానికదొక ఆట అయింది. ఎదురుగా నిలబడి నాలుక బయటపెట్టి, "ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్పు" అనేది. మెరుపక్క పక్కకి చూసి "నాలుక లోపల పెట్టు, ఈగలు దూరతాయి" అనేది. పిల్ల కిలకిల నవ్వేది. ఒకరోజు ఆ ఆట మధ్యలో మెరుపక్కకి ఏడుపొచ్చింది. పిల్ల గబుక్కున నాలుక లోపలికి తీసుకుని, ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఆట ఆడలేదు. ఆటైనా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. అడగటం ఎలాగో తెలియలేదు.

పరిశోధనశాలలో విచారణ పెట్టారు. వేరేచోట నుంచి వచ్చిన ముగ్గురు బల్లకి అవతల కూర్చున్నారు. వాళ్ళ మొహాలూ ఆమెకి కనపడలేదు. మాట వచ్చిన వైపు తిరిగి జవాబిచ్చింది.

"అద్దాలు ఎందుకు పైకి తోశారు?"

"మసకేసింది సార్."

"అద్దాలు లేకుండా 'ఊఁ' అని ఎందుకన్నారు?"

"తెలీదు సార్."

"తెలీకుండా ఎలా అంటారమ్మా?"

"మీరిందాక నేను 'సార్' అన్నప్పుడల్లా 'ఆఁ' అంటున్నారు కదా, కావాలని అన్నారా సార్? అలాగే అన్నాను."

ఆ తర్వాత పిచ్చుకని పిలిచారు. తప్పంతా తనదేనని, తిరిగి చూసుకోకుండా మీట నొక్కానని ఆమె ఏడ్చిందట. తప్పంతా తనదేనని మెరుపక్క చెప్పింది. చల్లబరిచే యంత్రం బాగుచేయించకపోవటం తన తప్పని ప్రొఫెసరు చెప్పాడు. ఆ తప్పుని ఈ ముగ్గురూ తలా ఒక చెయ్యి వేసి మోద్దామనుకున్నారు గాని, అలా మోసినంత మాత్రాన కంట్లో మరక రవ్వంతైనా తేలిక పడలేదు. లేజరు గదికి తాళం వేశారు.

ప్రతి ఆదివారం పిచ్చుక ఇంటికి వచ్చేది. పళ్ళు తెచ్చేది, కుర్చీ అంచున కూర్చునేది, మాట్లాడబోయి ఏడ్చేది.

"ఏడవడానికి నా ఇల్లే దొరికిందా నీకు? ఉన్న ఒక్క టీ గ్లాసూ ఉప్పగా అయిపోతోంది" అనేది మెరుపక్క. పిచ్చుక ఏడుస్తూనే నవ్వేది. ఆమె వెళ్ళిపోయాక మెరుపక్క మంచం మీద వాలిపోయేది. పిచ్చుకని ఓదార్చటానికి ఉన్న ఓపికంతా ఖర్చయ్యేది. తనను ఓదార్చేవాళ్ళు వస్తే వాళ్ళనీ తనే ఓదార్చాల్సి వచ్చేది. మొగుడు పక్కన కూర్చుని కాళ్ళు నొక్కేవాడు. "కాళ్ళకేమైందయ్యా?" అంటే, "చేతులు ఊరుకోవటం లేదు" అనేవాడు.

*

కొన్ని నెలలకి తాళం తీశారు. లేజరు దారంతా నల్లటి పెట్టెల్లో మూసేశారు. డ్రమ్ము తలుపు తెరిచి ఉంటే దెబ్బ పడకుండా గొళ్ళెం అమర్చారు. పలకని కంటితో చూడక్కర్లేదు, కెమెరా ఉంది, బొమ్మ తెర మీదికొస్తుంది. ఇదంతా ముందే ఉంటే అని ఎవరూ పైకి అనలేదు.

మొదటి రోజు ప్రొఫెసరు మెరుపక్కని పిలిపించాడు. "నువ్వు లేకుండా మొదలుపెట్టబుద్ధి కావటం లేదమ్మా. ఊరికే నిలబడు చాలు."

ఆమె వెళ్ళింది. పంపుల చప్పుడు వినగానే కాళ్ళల్లో పాత చురుకు వచ్చింది. గోడ తడుముకోకుండానే డ్రమ్ము దగ్గరికి నడిచి, కొత్త అద్దాలు పెట్టుకుని తన చోట నిలబడింది. పిచ్చుక మీట దగ్గర నిలబడింది. పెట్టెలు మూసి ఉన్నాయి, గొళ్ళెం పడి ఉంది, ఏ ప్రమాదమూ లేదు. గదిలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు.

"దెబ్బ" అంది పిచ్చుక. కేకలా లేదు, అడుగుతున్నట్టు ఉంది.

మెరుపక్క నోరు తెరిచింది. "ఊఁ" అనాలి. ఆ రోజు తన ప్రమేయం లేకుండా జారిపోయిన ఆ చిన్న మూలుగు, ఇవాళ ఎంత లాగినా గొంతులోంచి కదల్లేదు. చేతులు డ్రమ్ము అంచుని పట్టేసుకున్నాయి. అద్దాల కింద కన్ను గట్టిగా మూసుకుపోయింది, తెరుద్దామన్నా తెరుచుకోలేదు.

పిచ్చుక ఎదురుచూసింది. ఆమె వేలు మీట మీదే ఉంది. జవాబు రాకుండా నొక్కకూడదు. వచ్చినా నొక్కగలిగేదో లేదో.

"అక్కా..." అంది.

"చెప్పలేకపోతున్నానే" అంది మెరుపక్క.

"నేనూ నొక్కలేకపోతున్నాను."

పంపులు తిరుగుతూనే ఉన్నాయి. ప్రొఫెసరు కాసేపు ఇద్దరినీ చూసి, వచ్చి, పిచ్చుక వేలిని మెల్లగా మీట మీద నుంచి తప్పించాడు. కరెంటు ఆపేశాడు. "పోనీలెండమ్మా, రేపు చూద్దాం" అన్నాడు. ఆ మర్నాడూ అంతే అయింది. ఆ తర్వాత ఆయన వాళ్ళనలా నిలబెట్టలేదు.

రాగి ప్రయోగం వేరేవాళ్ళు పూర్తి చేశారు. వచ్చిన ఫలితాలు బాగున్నాయన్నారు. పిచ్చుక లేజర్లు వదిలేసి, కంప్యూటరులో ప్లాస్మాని లెక్కలతో నడిపించే బృందంలోకి మారింది. "అందులో ఎవరికీ ఏమీ కాదక్కా, మహా అయితే కంప్యూటరు ఆగిపోతుంది" అంది. మెరుపక్క వద్దనలేకపోయింది, సంతోషమనీ అనలేకపోయింది. గదంతా గెంతే పిల్ల ఒక కుర్చీలో రోజంతా కదలకుండా కూర్చుంటోందని విన్నప్పుడు మాత్రం, పేరైనా మార్చాలేమో అనుకుంది.

మెరుపక్కని సామాన్ల గదికి మార్చారు. మరలు, గొట్టాలు, రబ్బరు వలయాలు అడిగినవాళ్ళకి ఇవ్వాలి. చేత్తో తడిమితే ఏది ఏదో తెలుస్తుంది కాబట్టి పని ఇబ్బంది లేదు. మనుషులని నడక చప్పుడుబట్టి పోల్చుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు, ఈవిడ మన మొహం చూసి మాట్లాడదేమిటి, ఇంత పొగరా అనుకుంటారని తెలుసు. మొదట్లో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేది. చెప్పినప్పుడల్లా వాళ్ళు "అయ్యో" అనటం, తను "ఫరవాలేదు" అనటం విసుగుపుట్టి మానేసింది. పొగరనే అనుకోనీ అనుకుంది. అప్పుడప్పుడు ఎవరైనా తలుపు తెరిస్తే వరండా చివరి గదిలోంచి పంపుల మోత వినిపిస్తుంది. చేతిలో ఉన్న పని ఆపి వింటుంది. లేచి వెళ్ళదు.

మొన్న బుడ్డిది చదివే బడిలో పిల్లలందరూ కలిసి వేదిక మీద పాట పాడారు. పిల్లలు వరుసగా నిలబడ్డారు, అందరికీ ఒకే రంగు బట్టలు. మెరుపక్క ముందు వరుసలో కూర్చుని కళ్ళు చికిలించింది. బట్టలు కనిపిస్తున్నాయి, తలలు కనిపిస్తున్నాయి, ఎవరు ఎవరో తెలియటం లేదు. పాట మొదలైపోయింది.

"ఏదయ్యా మనది?" గాభరాగా అడిగింది.

మొగుడు చెవిలో చెప్పాడు, "పొడుగు పిల్ల ఉంది చూడు, చివర్న. దాని పక్కనే."

"పొడుగు పిల్లనే చూస్తాను ఆగు."

ఎవరో ముక్కూమొహం తెలియని పొడుగాటి పిల్ల మీద చూపు నిలబెట్టింది. అప్పుడు ఆ పక్కన, పొగ అంచున, బుడ్డిది మసకమసకగా తేలింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. కళ్ళు ఎటున్నాయో మాత్రం తెలియలేదు.

పొడుగు పిల్లకి ఈ సంగతులేమీ తెలియవు. ముందు వరుసలో ఎవరో పెద్దావిడ తన్నే కన్నార్పకుండా చూస్తోందనుకుంది. మొదట సిగ్గుపడింది, తర్వాత గొంతు పెంచి పాడింది. పాట అయ్యాక మెరుపక్క వైపు చెయ్యి ఊపింది.

"ఆ పిల్ల నీకు చెయ్యి ఊపుతోంది" అన్నాడు మొగుడు.

"మనది?"

"మనదీ ఊపుతోంది."

మెరుపక్క చూపు కదపలేదు. కదిపితే ఉన్నది కూడా పోతుంది. పొడుగు పిల్లనే చూస్తూ చెయ్యి ఎత్తి ఊపింది.